హాన్‌ఫర్డ్ ఇంకుడు గుంతలు

1943 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగాన, కొలంబియా నది పెద్ద ఒంపు తిరిగే చోట ఉన్న వైట్ బ్లఫ్స్, హాన్‌ఫర్డ్ అనే రెండు చిన్న ఊళ్ళ వాళ్ళకి ప్రభుత్వం నుంచి ఉత్తరాలు వచ్చాయి. మీ ఇళ్ళూ పొలాలూ యుద్ధావసరాలకి కావాలి, ఖాళీ చెయ్యండి అని వాటి సారాంశం. చాలామందికి ఇచ్చిన గడువు 30 రోజులు. పళ్ళతోటలకి కాపు రాకముందే వెళ్ళిపోవాలి. ఎందుకని అడిగితే చెప్పే నాథుడు లేడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి సుమారు 1,500 మంది కదిలిపోయారు. వాళ్ళకన్నా ఎన్నో తరాల ముందు నుంచీ చేపల కోసం అక్కడికి వచ్చి దిగే వనాపం తెగవాళ్ళ రేవులు కూడా కంచె లోపల పడిపోయాయి.

ఆ కంచె లోపల దాదాపు 1,500 చదరపు కిలోమీటర్ల నేల. డూపాంట్ కంపెనీ అక్కడ నిర్మాణం మొదలుపెట్టింది. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో కార్మికులు 45,000 మంది. వాళ్ళలో తాము ఏమి కడుతున్నారో తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది. 1944 సెప్టెంబరు 26న బి రియాక్టర్ పని మొదలుపెట్టింది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడిదే. యుద్ధం ముగిసినా పని ఆగలేదు. ఒక రియాక్టర్ తొమ్మిది రియాక్టర్లయ్యింది. 1987లో చివరిది మూతపడే నాటికి హాన్‌ఫర్డ్ సుమారు 67 టన్నుల ప్లుటోనియం తయారుచేసింది.

బాంబు కథ మనందరికీ తెలుసు. దాని మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. నేను చెప్పదలుచుకున్నది పెరటి వైపు కథ. ఆ కర్మాగారాల మురుగునీళ్ళు ఎక్కడికి పోయాయి, ఇప్పుడు వాటిని ఎలా తోడుతున్నారు అన్నది. సియాటెల్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు వేసవిలో చెర్రీలు కోసుకోవడానికి కొండలు దాటి యాకిమా వైపు వెళ్తుంటాయి. హాన్‌ఫర్డ్ అక్కడికి గంట ప్రయాణం. అయినా ఆ పేరు వినగానే గుర్తుపట్టేవాళ్ళు మనలో తక్కువే.

ముందు ఈ మురుగు ఎలా పుట్టిందో చూద్దాం. రియాక్టర్లో యురేనియం కడ్డీలు కొంతకాలం కాగితే అందులో కాస్త ప్లుటోనియం తయారవుతుంది. ఒక టన్ను యురేనియం నుంచి వచ్చేది పావు కిలో, అటూ ఇటూగా. ఆ పావు కిలో కోసం టన్ను సరుకునీ నైట్రిక్ ఆమ్లంలో కరిగించాలి, రకరకాల రసాయనాలతో వడగట్టాలి, కడగాలి, మళ్ళీ కడగాలి. చేతికొచ్చేది గుప్పెడు లోహం, మిగిలేది మడుగుల కొద్దీ ద్రవం. అందులో అతి ప్రమాదకరమైన దాన్ని భూమిలో పాతిన ఉక్కు ట్యాంకుల్లోకి పంపారు. అంత ప్రమాదం లేదనుకున్నదాన్ని నేలలోకే వదిలారు.

మొదట్లో వదిలినవి తిరగేసిన బావుల్లోకి. ఆ పేరు నేను పెట్టింది కాదు, వాళ్ళే అలా పిలుచుకున్నారు. నీళ్ళు తోడుకోవడానికి కాక, నీళ్ళు దింపడానికి తవ్విన బావులు. 1945 నుంచి 1947 వరకు వాడిన ఒక బావి లోతు 300 అడుగులు. అంటే వ్యర్థం నేరుగా భూగర్భజలం దగ్గరికే చేరింది. ఇది మరీ పొరపాటని గ్రహించి తరవాత ‘క్రిబ్’లకి మారారు. క్రిబ్ అంటే నేలలో గొయ్యి తీసి, దుంగలతో పెట్టెలా కట్టో, లేకపోతే గులకరాళ్ళు నింపో, పైన మట్టి కప్పి, లోపలికి ఒక గొట్టం పెట్టడం. గొట్టంలోంచి వచ్చిన ద్రవం మెల్లగా ఇంకిపోతుంది. ఇంజనీరింగు పత్రాల్లో దీని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు వెంటనే తట్టిన మాట ‘ఇంకుడు గుంత’. 2000 ప్రాంతంలో ‘నీరు-మీరు’ కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా, బడిబడికీ తవ్వించిన గుంతలు గుర్తున్నాయి కదా, అవే. అక్కడ వానచుక్కని దాచుకోవడానికి తవ్వితే ఇక్కడ విషాన్ని వదిలించుకోవడానికి తవ్వారు.

ఇదంతా చదివి, వీళ్ళు బుద్ధిలేని మనుషులు అనుకుంటే పొరబడతాం. లెక్క వేసే చేశారు. ఆ లెక్క ఏమిటంటే, అక్కడ ఏడాదికి పడే వాన ఏడు అంగుళాలే. నది దగ్గర రియాక్టర్లుంటే, వాటికి దూరంగా ఎత్తైన పీఠభూమి మీద వడపోత కర్మాగారాలు. ఆ పీఠభూమి కింద భూగర్భజలం 200 నుంచి 300 అడుగుల లోతున ఉంది. మధ్యలో అంతా పొడి ఇసుక, కంకర, సన్నటి మట్టి. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న సీజియం, స్ట్రాన్షియం లాంటివాటిని అవి పట్టుకుంటాయి. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉండే వాటర్ సాఫ్టెనర్ పనిచేసేది ఇదే సూత్రం మీద. కాబట్టి 250 అడుగుల మట్టి అంటే ఖర్చులేని జల్లెడ అనుకున్నారు. గుంతల పక్కన పరీక్ష బావులు తవ్వారు. కింద నీటిలో రేడియోధార్మికత కనబడితే ఆ గుంత మూసి ఇంకోటి తవ్వేవారు. అంటే నేల కూడా ఆ కర్మాగారంలో ఒక యంత్రభాగమే. పాడయితే మార్చేసే ఫిల్టరన్నమాట.

ఈ లెక్క సగం నిజమయ్యింది. ప్లుటోనియం, సీజియం చాలావరకు మొదటి కొన్ని అడుగుల్లోనే చిక్కుకుపోయాయి. కానీ మురుగులో ఉన్నవి అవి మాత్రమే కావు. నైట్రేట్, క్రోమేట్, టెక్నీషియం-99 నీళ్ళలో రుణావేశంతో తిరుగుతాయి. మట్టిదీ అదే ఆవేశం కనక వాటిని పట్టుకోదు, పైగా తోసేస్తుంది. ట్రిటియం అయితే నీటి అణువులోనే భాగం, నీరు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. ఇలా మొత్తం మీద హాన్‌ఫర్డ్‌లో నేలలోకి వదిలిన ద్రవం సుమారు 45,000 కోట్ల గ్యాలన్లు. అందులో చాలాభాగం కర్మాగారాల్ని చల్లార్చిన నీరే, అంత కలుషితం కాదు. కానీ అన్ని నీళ్ళు పైనుంచి నెడుతుంటే కింద ఉన్నది ఊరుకుంటుందా? పీఠభూమి పడమటి భాగం కింద భూగర్భజల మట్టం ఒకచోట 26 మీటర్ల దాకా పైకి వచ్చింది. ఎడారిలాంటి చోట మనుషులు తయారుచేసిన పాతాళగంగ అది.

ట్యాంకుల సంగతీ అంతే. యుద్ధం తరవాత ఉత్పత్తి పెరిగి అవి నిండిపోతుంటే, కొత్తవి కట్టడం ఖర్చని, పైన తేరిన ద్రవాన్ని కొంత శుద్ధి చేసి గుంతల్లోకీ కందకాల్లోకీ వదిలారు. ఇలా పోయింది సుమారు 12 కోట్ల గ్యాలన్లు. 1950ల చివర్లో ఒక కందకాన్ని అడవి జంతువులు తవ్వాయి. ఆ మట్టిలో ఉన్న లవణాల రుచి మరిగిన కుందేళ్ళు వచ్చి నాకిపోయేవి. వాటి పెంటికల ద్వారా రేడియోధార్మికత కొన్ని చదరపు మైళ్ళ మేర వ్యాపించింది. ఆ పెంటికలు ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపెట్టడానికి యాభై ఏళ్ళ తరవాత హెలికాప్టర్లు తిప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అణుకేంద్రం అనగానే మన భయం రేడియోధార్మికత మీదికే పోతుంది. కానీ హాన్‌ఫర్డ్‌లో భూగర్భజలాల శుద్ధి చేసేవాళ్ళని దశాబ్దాలుగా ఎక్కువ తిప్పలు పెట్టినవి రెండు మామూలు రసాయనాలు. ఒకటి తుప్పు పట్టకుండా వాడే ఉప్పు. రెండోది బట్టల డ్రై క్లీనింగుకి ఒకప్పుడు వాడిన ద్రావకం.

ఉప్పు పేరు సోడియం డైక్రోమేట్. తొమ్మిది రియాక్టర్లలో ఎనిమిది కొలంబియా నది నీటిని ఒకవైపు నుంచి లాక్కుని, అల్యూమినియం గొట్టాల గుండా పంపి, రెండోవైపు నుంచి నదిలోకే వదిలేసేవి. బి రియాక్టర్లో ఇలాంటి గొట్టాలు 2,004. అవి తినేసుకుపోకుండా నీటిలో డైక్రోమేట్ కలిపేవారు, పది లక్షల పాళ్ళకి రెండు పాళ్ళు. తగలబెట్టినా పోని మోతాదు కాదు ఇది, చాలా తక్కువ. కాకపోతే ఆ పలచని నీటిని తయారుచెయ్యడానికి ముందు చిక్కటి ద్రావణం రైలు వ్యాగన్లలో వచ్చేది. దాన్ని ట్యాంకుల్లోకి దించేటప్పుడు ఒలికేది, గొట్టాల కీళ్ళ దగ్గర కారేది. వేడినీళ్ళు కాసేపు నిలవుంచే తొట్లు కూడా కారేవి. నలభై ఏళ్ళ తరవాత ఆ చోట్ల తవ్వితే మట్టికి పసుపుపచ్చటి మరకలు కనబడ్డాయి.

అందులోని ఆరు వేలెన్సీల క్రోమియం నీళ్ళలో హాయిగా కరిగి ప్రయాణిస్తుంది. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకి 100 మైక్రోగ్రాముల వరకు ఉండవచ్చని అమెరికా ప్రభుత్వ ప్రమాణం. చేపల విషయంలో మాత్రం ఆరు వేలెన్సీల క్రోమియం హద్దు 10 మైక్రోగ్రాములే. మనిషి కన్నా చేప సుకుమారం ఈ విషయంలో. పైగా హాన్‌ఫర్డ్ దగ్గర నది ఆనకట్టలు లేకుండా పారే భాగం. ఆకురాలు కాలంలో చినూక్ సామన్ చేపలు లక్షల మైళ్ళు తిరిగొచ్చినట్టు అలిసిపోయి వచ్చి గుడ్లు పెట్టే చోటు. అవి గుడ్లు పెట్టేది నది అడుగున గులకరాళ్ళ మధ్య. భూగర్భజలం నదిలోకి ఊరేది కూడా ఆ రాళ్ళ మధ్యలోంచే. పైన పారే అంత పెద్ద నది విషాన్ని పలచన చేసేస్తుందన్న వాదన చేపపిల్లకి పనికిరాదు. అది పుట్టి పెరిగేది పలచన కావడానికి ముందున్న నీళ్ళలో.

దీనికి మొదట ఒక తెలివైన ఉపాయం పన్నారు. ఆరు వేలెన్సీల క్రోమియాన్ని మూడు వేలెన్సీలకి దించితే అది కరగదు, ఉన్నచోటే మట్టికి అంటుకుపోతుంది, విషం కూడా బాగా తగ్గుతుంది. దించే పని ఇనుము చెయ్యగలదు. మట్టిలో ఇనుము ఉండనే ఉంది, కాకపోతే తుప్పు రూపంలో. 1997లో డి రియాక్టర్ దగ్గర సోడియం డైథయొనైట్ అనే రసాయనాన్ని బావుల ద్వారా నేలలోకి ఎక్కించి ఆ తుప్పుని చురుకైన ఇనుముగా మార్చారు. ప్రయోగం బాగుందని తరవాత అరవై పైచిలుకు బావులతో, నదికి సమాంతరంగా అర కిలోమీటరుకి పైగా కంటికి కనబడని గోడ ఒకటి కట్టారు. నీరు గోడలోంచి పోతుంది, క్రోమియం ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళు పనిచేస్తుందనుకున్నారు. కొన్నేళ్ళకే అక్కడక్కడా బెజ్జాలు పడ్డాయి. నేల అంతటా ఒకేలా ఉండదు కదా. ఇనుము తక్కువగా ఉన్న కంకర పొరల్లో నీరు వడిగా పోతూ ఉన్న కాస్త శక్తినీ హరించేసింది. కాగితం మీద నేల ఒకే రంగు పూసిన పెట్టెలా ఉంటుంది, తవ్వితే తెలుస్తుంది దాని సంగతి.

దాంతో అందరికీ తెలిసిన మోటు పద్ధతినే పెద్ద ఎత్తున పట్టుకున్నారు. బావుల్లోంచి నీరు తోడడం, రెజిన్ పూసల గుండా పంపి క్రోమియం తీసెయ్యడం, శుభ్రమైన నీటిని మళ్ళీ నేలలోకి ఎక్కించడం. 2010-2011లో డి, హెచ్ రియాక్టర్ల ప్రాంతానికి పెద్ద కేంద్రాలు రెండు వచ్చాయి. సి రియాక్టర్ దగ్గర అయితే తోడడం కాక తవ్వడమే మంచిదని, భూగర్భజలం తగిలేదాకా, 85 అడుగుల లోతున గోతులు తీసి మట్టినంతా ఎత్తిపోశారు. ఆ మట్టిని పీఠభూమి మీద, అడుగున ప్లాస్టిక్ పొరలు పరిచి 1996లో తెరిచిన ఒక మహా గోతిలో పూడ్చారు. నది వెంబడి ఫలితం కనబడింది. క్రోమియం వ్యాపించిన మేర బాగా తగ్గింది. ఈ మొత్తం వ్యవహారంలో ధైర్యంగా విజయం అని చెప్పగలిగింది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఇక ద్రావకం. దాని పేరు కార్బన్ టెట్రాక్లోరైడ్. మంట అంటుకోదు కాబట్టి ఆ రోజుల్లో మంటలార్పే సీసాల్లో కూడా వాడేవారు. హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియాన్ని తుదిమెరుగు దిద్దే కర్మాగారంలో తుక్కు నుంచి ప్లుటోనియాన్ని రాబట్టడానికి వాడారు. 1955 నుంచి 1973 వరకు ఇది మూడు ప్రధానమైన గుంతల్లోకి పోయింది. ఎంత పోయిందన్నదానికి అంచనాలు 577 టన్నుల నుంచి 922 టన్నుల దాకా ఉన్నాయి. ఆ తేడా చూడండి. లెక్కలు రాసుకునే సంస్థే, ప్లుటోనియం గ్రాముల్లో లెక్కపెట్టిన సంస్థే, ఇది మాత్రం వందల టన్నుల తేడాతో చెప్పవలసి వచ్చింది. విలువైనదాన్ని తూచారు, విలువలేనిదాన్ని పారబోశారు.

ఆ మూడింటిలో జెడ్-9 అనే గుంతది ఒక చిత్రమైన కథ. 1955 నుంచి 1962 వరకు దాన్లో వదిలిన ద్రవంలో తప్పించుకుపోయిన ప్లుటోనియాన్ని పై మట్టి బాగానే పట్టుకుంది. ఎంత బాగా అంటే, అక్కడ పోగుపడిన ప్లుటోనియం తనంత తానే గొలుసు చర్య మొదలుపెడుతుందేమోనని భయం పట్టుకుంది. 1976-77లో యంత్రాలతో పై అడుగు మట్టిని గీకి తీశారు. అందులో దొరికిన ప్లుటోనియం 58 కిలోలు. నాగసాకి బాంబులో ఉన్నది ఆరు కిలోల చిల్లర. మట్టి జల్లెడ అన్న సిద్ధాంతం ఇక్కడ అక్షరాలా నెగ్గింది. అదే గుంతలో, అదే గొట్టంలోంచి వచ్చిన కార్బన్ టెట్రాక్లోరైడ్ మాత్రం ఏ రేణువునీ పట్టుకోకుండా కిందికి దిగిపోయింది. నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు దానిది. దారిలో గట్టి సున్నపు పొర ఒకటి కొంత ఆపింది, కొంత ఆవిరై పక్కలకి పాకింది, కొంత జారి నీటిలో కలిసింది. తాగునీటిలో దాని హద్దు లీటరుకి 5 మైక్రోగ్రాములు. ఆ హద్దు దాటిన నీరు కొన్ని చదరపు మైళ్ళ మేర విస్తరించింది.

1992 నుంచి ఇరవై ఏళ్ళపాటు నేలలోని గాలిని పంపులతో పీల్చి, బొగ్గు గుండా పంపి సుమారు 80 టన్నులు పట్టారు. పోసినది 577 టన్నులకి తక్కువ కాదని గుర్తుంచుకోండి. 2012లో నిమిషానికి 2,500 గ్యాలన్లు శుద్ధి చేసే కేంద్రం మొదలయ్యింది, తరవాత సామర్థ్యం పెంచారు. అక్కడ నీటిని పొడవాటి గోపురాల మీదినుంచి జారవిడుస్తూ కిందినుంచి గాలి ఊదుతారు. ద్రావకం గాలిలోకి లేచిపోతుంది. నైట్రేట్ తీసెయ్యడానికి సూక్ష్మజీవుల్ని తొట్లలో పెంచి, వాటికి తిండి పెట్టి, పని చేయించారు. హాన్‌ఫర్డ్‌లోని ఇలాంటి కేంద్రాలన్నీ కలిసి 2023 నాటికి శుద్ధి చేసిన నీరు 3,000 కోట్ల గ్యాలన్లు దాటింది.

ఎన్ రియాక్టర్ దగ్గర సమస్య స్ట్రాన్షియం-90. 1990లో నార్మ్ బస్కే అనే శాస్త్రవేత్త నది ఒడ్డున, ఆ రియాక్టర్ నీరు ఊరే చోట పెరిగిన మల్బరీ చెట్ల పళ్ళతో జామ్ చేసి, ఒక సీసా రాష్ట్ర గవర్నర్ బూత్ గార్డనర్‌కీ, ఇంకో సీసా ఇంధన శాఖ మంత్రి జేమ్స్ వాట్కిన్స్‌కీ పంపాడు. అందులో స్ట్రాన్షియం ఉందని ఉత్తరం జత చేశాడు. వంద నివేదికలు చెయ్యలేని పని ఆ రెండు సీసాలు చేశాయి. అధికారులు అక్కడ కూడా నీరు తోడే యంత్రాలు పెట్టారు, 1995 నుంచి 2006 వరకు తోడారు. చివరికి లెక్క చూసుకుంటే, ఆ యంత్రాలు తీసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ స్ట్రాన్షియం ఆ పదేళ్ళలో తనంత తానే క్షీణించిపోయింది. మట్టి పట్టుకున్నదాన్ని నీటితో ఎంత తోడితే మాత్రం ఏం వస్తుంది? అప్పుడు దారి మార్చారు. స్ట్రాన్షియం రసాయన గుణాల్లో కాల్షియానికి తమ్ముడు, అందుకే ఎముకల్లో చేరుతుంది. మన ఎముకల్లో ఉండే ఖనిజం అపటైట్. ఆ ఖనిజాన్నే నది ఒడ్డున నేలలో తయారయ్యేలా కాల్షియం, ఫాస్ఫేట్ ద్రావణాలు ఎక్కించారు. మనిషి ఎముకలో చేరవలసిన విషాన్ని నేలలో పెంచిన ఎముకలోకి ఎక్కించడం. ఈ ఆలోచన చేసినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ట్యాంకుల గురించి చెప్పుకుంటే ఇంకో వ్యాసం అవుతుంది. 177 ట్యాంకులు, 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం, వాటిలో 67 కారాయని అనుమానం. ఒక్క సంఘటన మాత్రం చెప్పకుండా ఉండలేను. 1973 ఏప్రిల్ 20 ప్రాంతంలో టి-106 అనే ట్యాంకు కారడం మొదలుపెట్టింది. జూన్ 8 దాకా ఎవరూ గుర్తించలేదు. ఈలోగా 1,15,000 గ్యాలన్లు నేలలోకి పోయాయి. ట్యాంకులో మట్టం ఎంతుందో కొలిచే సాధనం పనిచేస్తూనే ఉంది. సిబ్బంది ఆ అంకెలు రాస్తూనే ఉన్నారు. ఆ కాగితాలు పైకి వెళ్తూనే ఉన్నాయి. వరుసగా తగ్గుతున్న ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. లాగ్ ఫైలు ఉంటుంది, అందులో అన్నీ ఉంటాయి, సర్వర్ పడిపోయిన తరవాతే దాన్ని తెరుస్తాం.

నలభై ఏళ్ళ పాటు హాన్‌ఫర్డ్ మొత్తం ఇలాంటి తెరవని లాగ్ ఫైలే. తేడా ఏమిటంటే దీన్ని తెరవడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అనుమతి లేదు. స్పోకేన్ పత్రికా విలేఖరి కేరెన్ డార్న్ స్టీల్, అక్కడి పౌర సంఘాలు పట్టుబట్టగా పట్టుబట్టగా 1986 ఫిబ్రవరిలో ఇంధన శాఖ 19,000 పేజీల పాత పత్రాలు బయటపెట్టింది. 1949 డిసెంబరులో కావాలనే గాలిలోకి రేడియోధార్మిక అయొడిన్ వదిలి ప్రయోగం చేశారన్న సంగతి ఆ తరవాతే లోకానికి తెలిసింది. రెండు నెలలకి చెర్నోబిల్ పేలింది. ఇక మూతపెట్టడం సాధ్యం కాలేదు. 1989 మేలో ఇంధన శాఖ, పర్యావరణ పరిరక్షణ సంస్థ, వాషింగ్టన్ రాష్ట్రం కలిసి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏ పని ఎప్పటికి ముగించాలో తేదీలతో సహా రాసుకున్నారు. ఆ తేదీల్లో చాలా వాయిదా పడ్డాయి, కోర్టులకెక్కాయి. అయినా ఆ ఒప్పందమే లేకపోతే ఒక్క పంపు కూడా తిరిగేది కాదని నా నమ్మకం. శుద్ధి చెయ్యని ద్రవాల్ని నేలలోకి వదలడం దాదాపుగా ఆగింది 1995లో, దాని వల్లనే.

కొలతలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే ఇందులో కీలకం కాబట్టి మన వైపు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గనీ, శుద్ధి కర్మాగారమూ ఉన్నాయి. వ్యర్థాల చెరువు కొట్టాల అనే ఊరి దగ్గర ఉంది. తమ బోర్లలో నీళ్ళు చెడిపోయాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని రైతులు కొన్నేళ్ళుగా చెబుతున్నారు. చెరువు అడుగున వేసిన పొర గురించి వివాదం నడిచింది. కారణం చెరువు కాదని సంస్థ అంటోంది. హాన్‌ఫర్డ్‌కీ దీనికీ పరిమాణంలో పోలికే లేదు. కానీ అమెరికాలో 1986 తరవాత ఎవరైనా ఒక బావి పేరు చెప్పి, దాని నీటి పరీక్షల అంకెలు ఏడాదివారీగా చూడవచ్చు. భారతదేశంలో 1962 అణుశక్తి చట్టం సమాచారాన్ని గోప్యంగా ఉంచే అధికారాలు ప్రభుత్వానికి విస్తారంగా ఇచ్చింది. కొట్టాల రైతు ఎవరి అంకె నమ్మాలి?

మళ్ళీ కొలంబియా ఒడ్డుకి వద్దాం. ఎంత శుభ్రం చేస్తే శుభ్రమైనట్టు? ఈ ప్రశ్నకి ఇంజనీర్ల దగ్గర జవాబు లేదు. రేపు అక్కడ ఎవరు, ఎలా బతుకుతారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అప్పుడప్పుడు వచ్చి పడవ నడుపుకుని వెళ్ళే మనిషికి ఒక హద్దు. ఆ నదిలో చేపలు పట్టి తిని, ఆ నేల మీద దుంపలు తవ్వుకుని, ఆవిరి గుడిసెలో కాలిన రాళ్ళ మీద ఆ నీరే పోసి ఆ ఆవిరి పీల్చే మనిషికి ఇంకో హద్దు. 1855లో యాకమా, యుమటిల్లా, నెజ్ పెర్స్ తెగలు అమెరికా ప్రభుత్వానికి లక్షల ఎకరాలు వదులుకుంటూ తమ అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కుని సంధిపత్రాల్లో ఉంచుకున్నాయి. 2018లో కన్నుమూసిన యాకమా పెద్ద రసెల్ జిమ్ దశాబ్దాల పాటు ప్రతి సమావేశంలోనూ ఆ పత్రాల్నే గుర్తుచేసేవాడు. కంచె వేసి, బోర్డు పెట్టి, ఎవరూ రాకుండా చూస్తే చాలన్న చవక పరిష్కారానికి ఆ సంధి అడ్డంగా నిలబడింది.

ఖర్చు మాటకొస్తే, మిగిలిన పని అంతటికీ 323 బిలియన్ల నుంచి 677 బిలియన్ల డాలర్ల వరకు అవుతుందని 2019లో ఇంధన శాఖ లెక్క కట్టింది. ఇందులో సింహభాగం ట్యాంకులది. ఆ వ్యర్థంలో తక్కువ తీవ్రత ఉన్నదాన్ని గాజుగా మార్చే కర్మాగారం నిర్మాణం 2002లో మొదలై, 2025 అక్టోబరులో గాని పని ప్రారంభించలేదు.

కార్బన్ టెట్రాక్లోరైడ్ సంగతి 2008లో తీసుకున్న నిర్ణయంలో ఉంది. 25 ఏళ్ళు తోడాలి. తరవాత 100 ఏళ్ళు, మిగిలినది తనంత తానే విరిగిపోతుందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. కేంద్రం 2012లో మొదలయ్యింది కనక పంపులు 2037 దాకా, కాపలా 2137 దాకా. 43 ఏళ్ళు నడిచిన కర్మాగారం ఇది. తరవాత చేసిన ప్రయోగశాల పరీక్షల్లో ఆ ద్రావకం 2008లో అనుకున్నదానికన్నా నెమ్మదిగా విరుగుతుందని తేలింది.

ఈలోగా కొత్త చిక్కు ఒకటి వచ్చింది. గుంతల్లోకి నీరు వదలడం ఆగిపోయాక పీఠభూమి కింద పాతాళగంగ మెల్లగా తగ్గుతూ వచ్చింది. పొంగిన రోజుల్లో దాని మట్టం చూసి తవ్విన పరీక్ష బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. విషం ఎక్కడిదాకా పోయిందో తెలుసుకోవాలంటే ఇంకా లోతుకి కొత్త బావులు తవ్వాలి. ఆ తవ్వకం సాగుతోంది.